మధ్యాహ్నం నుంచి అన్నాను

మా నాన్న తద్దినం పుష్యమాసంలో వచ్చేది. ఆ ఏడు నెల ముందే పంచాంగం తీసి లెక్క వేశాను. తిథి కోసం కాదు, అది నాకు కంఠతా వచ్చు. నా భార్య బయట చేరే మూడు రోజులు తద్దినానికి అడ్డం వస్తాయేమోనని చూశాను. ఆమె ప్రతి నెలా స్నానం చేసి లోపలికి వచ్చిన రోజు పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టడం నా అలవాటు. చుక్క నుంచి చుక్కకు రోజులు ఎంచితే తద్దినం సరిగ్గా నెల నడిమికి వచ్చింది. అడ్డం లేదు. పితృదేవతల స్థానంలో కూర్చొని భోజనం చేయడానికి జమ్మలమడుగు నుంచి ఇద్దరు బ్రాహ్మణులను భోక్తలుగా రమ్మని నిశ్చింతగా కబురు పెట్టాను.

నెల నడిమి రోజుల్లోనే ఆమెకు కడుపునొప్పి వస్తుందని కూడా నాకు తెలుసు. ఏడెనిమిది నెలలుగా వస్తూనే ఉంది. పొత్తికడుపులో ఎడమ పక్కన పట్టుకునేది, ఒక పూటో ఒక రోజో ఉండి పోయేది. వాయువు అన్నాను. వాము నమిలి వేడినీళ్లు తాగమన్నాను. తర్వాతి నెలల్లో ఆ మాత్రం కూడా అనలేదు. బడిలో తోటి ఉపాధ్యాయుడితో, “మా ఇంట్లో నెలకు మూడు రోజులు సెలవు చాలదంట, మధ్యలో ఇంకొక రోజు కావాలంట” అని నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెవులు కాలుతాయి.

అప్పటికి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో నేను ఎలిమెంటరీ స్కూలు అయ్యవారిని. నాకు ఇరవై ఆరేళ్లు, ఆమెకు ఇరవై. ఆమెది ప్రొద్దుటూరు. కాపురానికి వచ్చి మూడేళ్లైనా పిల్లలు లేరు. మా అమ్మ మాతోనే ఉండేది. రెండు కళ్లకూ శుక్లాలు కమ్మి మనుషులను గొంతును బట్టే గుర్తుపట్టేది. అందువల్ల తద్దినం వంటంతా నా భార్య మీదే పడింది.

ఆ వంట మడితో చేయాలి. తెల్లవారకముందే తలస్నానం చేసి, తడిచీరతోనే పొయ్యి దగ్గరికి పోవాలి. భోక్తలు తినేదాకా వంటమనిషి గుక్కెడు నీళ్లు కూడా తాగకూడదు. మడి లేనివాళ్లు ఆమెను ముట్టుకుంటే మడి పోతుంది, వండినదంతా పనికిరాదు.

ఆ రోజు ఇంకా చీకటి విడకముందే వంటింట్లో ఇత్తడి గిన్నె పడ్డ చప్పుడైంది. తర్వాత, “ఏమండీ” అని పిలుపు. వెళ్లి గడప దగ్గర నిలబడ్డాను. ఆమె బండల మీద ముడుచుకొని పడి ఉంది. తడిచీర కింద నీళ్లు మడుగు కట్టాయి. పక్కన నానబెట్టిన మినపపప్పు.

“ఏమైంది?”

“ఎడం పక్కన... లోపల ఏదో పట్టుకొని మెలేసినట్టుండాది. లేవలేకుండా ఉండా.”

“మళ్లీ అదేనా? ఈ పొద్దే దొరికిందా దానికి?”

కాసేపటికి మళ్లీ, “ఏమండీ, రవ్వంత చెయ్యి పట్టుకోండి, లేస్తా” అంది.

“నేనింకా స్నానం చేయలేదు. మెల్లగా గోడ పట్టుకొని లెయ్యి.”

ఇక్కడ నేను ఒక నిజం చెప్పాలి. ఇన్నేళ్లుగా ఈ సంగతి ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడు, మడి అడ్డమొచ్చింది, ఆ రోజుల్లో అట్లా ఉండేది అని చెప్పి తప్పుకున్నాను. అది నిజం కాదు. బావి పదడుగుల దూరంలో ఉంది. రెండు చేదలు నెత్తిన పోసుకొని తడిపంచెతో వస్తే నేనూ మడే. ఆమెను ముట్టుకోవచ్చు, లేపవచ్చు. లేపితే ఆమె మొహం దగ్గరగా చూడాలి. చూస్తే ఆమెను పడుకోబెట్టాలి. పడుకోబెడితే వంట ఎవరు చేస్తారు? గడప అవతల నన్ను ఆపింది ఆ ప్రశ్న. మడి నాకు చేతికందిన సాకు.

గోడ పట్టుకొని ఆమే లేచింది. రుబ్బురోలు తిరిగిన చప్పుడు వినిపించాక నేను పంచాంగం చదువుకుంటూ కూర్చున్నాను. కాస్త వెలుతురు వచ్చాక పెరట్లో ఆమె వాంతి చేసుకోవడం విన్నాను. వెంటనే బావి గిలక కీచుమంది. నెత్తిన నీళ్లు పడ్డాయి. వాంతితో మడి పోయిందని ఆ చలిలో మళ్లీ తలస్నానం చేసి, మళ్లీ తడిచీరతో వంటింట్లోకి పోయింది. నాకు అంతా అర్థమైంది. అర్థం కానట్టు పేజీ తిప్పాను.

మా అమ్మ గోడ తడుముకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

“ఒరే నాయనా, పిల్ల ఏడుస్తాండాది.”

“పొగకు కళ్లు మండుతున్నాయేమో.”

“నాకు కండ్లే పోయినాయి, చెవులు పోలేదు. ఆ గొంతు వాయువు నొప్పి గొంతు కాదు. ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు తెలీదా? వచ్చే బ్రాహ్మలకు స్వయంపాకం ఇచ్చి పంపు. అదే బస్సులో పిల్లను ఆసుపత్రికి తీసకపో. మీ నాయన ఏమీ అనుకోడు.”

స్వయంపాకం అంటే వండకుండా బియ్యమూ పప్పూ కూరలూ దానమివ్వడం. వంట కుదరని ఇంట్లో అట్లా తద్దినం పెట్టవచ్చునని శాస్త్రమే చెప్పింది. నాకు తెలియని సంగతి కాదు.

“ఒక్కగానొక్క కొడుకు తండ్రికి పచ్చిబియ్యం పెట్టినాడని జమ్మలమడుగంతా చెప్పుకుంటారు” అన్నాను.

“చెప్పుకోనీరా. వాళ్లకేం పని!” అని అమ్మ వంటింటి గడప దాకా పోయి అక్కడే కూర్చుంది.

ఎనిమిదింటికి జమ్మలమడుగు బస్సు వచ్చింది. భోక్తలిద్దరూ దిగారు. ఒకాయన అరవై దాటినవాడు, రెండో ఆయన ఆయనకు బావమరిది. డ్రైవరు టీ తాగేదాకా బస్సు పావుగంట మా వీధి చివరే ఆగి ఉంది. తిరిగి పోయే ముందు రెండుసార్లు హారన్ కొట్టాడు. అప్పుడు నేను భోక్తలకు కాళ్లు కడుక్కునే నీళ్లు ఇస్తున్నాను. రెండో హారన్‌కు వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగిందని గుర్తు. మళ్లీ బస్సు మధ్యాహ్నం రెండింటికి గానీ లేదు.

తద్దినం సక్రమంగా జరిగింది. గారెలు, అల్లం పచ్చడి, నువ్వుండలు, పరవాన్నం, దేనికీ లోటు రాలేదు. ఆమె వడ్డించడానికి వచ్చి, ప్రతిసారీ వెనక్కి పోతూ తలుపు దగ్గర వంగి ఆగేది.

“అమ్మాయికి ఒంట్లో బాగుండాదా?” అని పెద్దాయన అడిగాడు.

“ఉపవాసం కదా, నీరసం” అన్నాను.

భోక్తలు చేతులు కడుక్కుంటుండగా వంటింట్లో పడిపోయింది. ఈసారి పిలవలేదు. అప్పుడు పోయి ముట్టుకున్నాను. ఒళ్లు చల్లగా, చెమటతో జిగటగా ఉంది. పెదవులకు రంగు లేదు. పొత్తికడుపు మీద నా చెయ్యి తగలగానే ఆమె అరిచిన అరుపుకు ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. అంతవరకూ నాలో ఉన్న విసుగు ఎటు పోయిందో, ఆ క్షణంలో నాకు మిగిలింది భయం ఒక్కటే. ఈ మనిషి చచ్చిపోతుంది, నా వల్ల చచ్చిపోతుంది.

రెండింటి బస్సు కండక్టరు సాయిబు, మా బడి పిల్లవాడి తండ్రి. నా చేతుల్లో ఆమెను చూసి ముందర సీటులో ఉన్నవాళ్లను లేపేశాడు.

“లెయ్యండప్పా లెయ్యండి! అయ్యవారూ, ఈడ పండుకోబెట్టండి. ఎనక అయితే శానా ఎగురుతాది.” డ్రైవరు వైపు తిరిగి, “రోజూ పోయినట్టు పోవద్దు. గుంతలు సూసి పోనీ” అన్నాడు.

మా అమ్మ బస్సు పక్కన నిలబడి, ఎటు వైపు నేనున్నానో తెలియక గాలిలోకే అరిచింది. “తెల్లారుజాము నుంచి ఏడుస్తాండాదని డాక్టరుకు చెప్పు! మర్చిపోతావు, చెప్పు!”

భోక్తలిద్దరూ అదే బస్సులో తిరుగు ప్రయాణం. పెద్దాయన ఆ మాట విన్నాడు. బస్సు కదిలాక నా వైపు వంగాడు.

“పొద్దున్నుంచీనా?”

నేను తల ఊపాను.

“మేం దిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే స్వయంపాకం పుచ్చుకొని, అదే బస్సులో అమ్మాయిని మేమే తోడుకొని పోయి ఉంటిమే. మేమేమన్నా గారెలు ఎరగనివాళ్లమా నాయనా?”

ఆయన బావమరిది తన కండువా మడిచి ఆమె తల కింద పెట్టాడు. దారి పొడుగునా నల్లరేగడిలో శనగ చేలు. గుంత వచ్చినప్పుడల్లా ఆమె నోటి నుంచి ఒక చిన్న శబ్దం వచ్చేది. శబ్దం రాని గుంత వస్తే నేను ఇంకా భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి.

జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరమ్మ నడివయసు మనిషి, తక్కువ మాట్లాడేది. నాడి చూసి, కడుపు నొక్కి చూసి, నన్ను అడిగింది.

“ఎప్పటి నుంచి?”

“మధ్యాహ్నం నుంచి” అన్నాను.

ఎందుకన్నాను? తెల్లవారుజాము నుంచి అంటే, ఇంతసేపూ ఏం చేశారని అడుగుతుంది. గారెలు వండించాను అని చెప్పాలి. ఒక పరాయి ఆడమనిషి ముందు ఆ మాట చెప్పలేక అబద్ధమాడాను. ఆ అబద్ధం నా భార్య ప్రాణం మీద పడుతుందని నాకు తోచలేదు. తోచినా అట్లాగే చెప్పేవాణ్ణేమో, నా గురించి నాకు నమ్మకం లేదు.

“మధ్యాహ్నమేనా అమ్మా?” అని డాక్టరమ్మ ఆమెనూ అడిగింది. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. చాలాసేపు చూసిందని నాకు అనిపిస్తుంది. తర్వాత కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ దాన్ని అవుననుకుంది.

“నెల ఎప్పుడైంది?”

“ఈ రోజుకు పదిహేను రోజులు” అని ఆమె కంటే ముందు నేనే చెప్పాను. నా పెన్సిలు చుక్కలు నాకు కంఠతా వచ్చు.

డాక్టరమ్మ బల్ల మీద వేలితో గీస్తూ నాకు చెప్పింది. గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. నెలనెలా వాటిలో ఏదో ఒకదానిలో చిన్న నీటిబుడగ పెరుగుతుంది, దాని లోపల కంటికి ఆనీ ఆనని అండం ఉంటుంది. దాదాపు నెల నడిమికి ఆ బుడగ పగిలి అండం బయటపడుతుంది. పగిలినప్పుడు కాస్త నీరో నెత్తురో చిందితే కడుపు లోపలి పొర మండుతుంది, కొందరికి నొప్పి తెలుస్తుంది. ఆ నొప్పి కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక్కోసారి బుడగ పగలదు. నీరు నిండి అట్లాగే పెరుగుతుంది. చాలావరకు వాటంతట అవే ఇంకిపోతాయి. కొన్ని పెద్దవవుతాయి. పెద్దదైన బుడగ బరువుకు అండాశయం తన తొడిమ మీద తిరిగి మెలిపడితే నెత్తురు పారడం ఆగిపోతుంది.

“ఆమెకు ఎడమ పక్కన గడ్డ చేతికి తగులుతోంది. మెలిపడిందేమోనని నా అనుమానం. కానీ మొదలై మూడు గంటలే అంటున్నారు. బుడగ పగిలిన నొప్పి కూడా మొదట్లో ఇట్లాగే ఉండొచ్చు. కడుపు కోయడం చిన్న పని కాదు. ఒకటి రెండు గంటలు చూస్తాను. తగ్గుతుందో పెరుగుతుందో తెలుస్తుంది.”

నేను వరండాలోకి వచ్చాను. పెద్దాయన ఇంటికి పోకుండా అక్కడే బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. లోపలి నుంచి ఆమె మూలుగు. నర్సు గిన్నె పట్టుకొని పరుగెత్తడం. మూలుగు ఎక్కువైతే భయం, ఆగితే అంతకు రెండింతల భయం.

“డాక్టరమ్మ ఏమంది?”

“కాసేపు చూద్దామంది.”

“తెల్లారుజాము అని చెప్పినా సూద్దామనిందా?”

ఆయన నా మొహం వైపు తిరిగి చూశాడు. అంత పెద్దమనిషి కళ్లలో కోపం చూస్తానని అనుకున్నాను. ఆయనా భయపడ్డాడు.

“పో నాయనా, పోయి చెప్పు. మేం తిన్న అన్నం అరగనీ” అన్నాడు.

నేను లేవలేదు. ఇదీ రాయాలి. ఆయన రెండోసారి, “నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?” అన్నాక లేచాను.

డాక్టరమ్మ ఇంకొక రోగి దగ్గర ఉంది. వార్డులో అందరి ముందూ చెప్పాను. “అబద్ధం చెప్పినానమ్మా. మధ్యాహ్నం కాదు. తెల్లారకముందు నుంచి. పొద్దున్నే వాంతి కూడా అయింది. తద్దినమని వంట చేయించినాను. ఏడెనిమిది నెలలుగా నొప్పి వచ్చి పోతాంది, అదీ చెప్పలేదు.”

ఆమె నన్ను తిట్టలేదు. గోడ గడియారం చూసింది. “పది గంటలు దాటింది” అని తనలో తాను అనుకొని నర్సును పిలిచింది. “నిన్న రాత్రి నుంచి ఏమైనా తిన్నదా? నీళ్లు?”

“ఏమీ లేదు.”

“అదొక్కటే మంచిదైంది, మత్తు ఇవ్వవచ్చు” అంది. చూపించిన కాగితం మీద సంతకం పెట్టాను.

తలుపు మూశారు. గంటన్నర. ఆ గంటన్నరలో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఏ నోటితో అడగాలో తెలియలేదు. పొద్దు వాలి వరండా బండల మీద ఎండ నా కాళ్ల దగ్గరికి వచ్చి, దాటిపోయింది.

తలుపు తెరిచాక డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి ఎనామెల్ పళ్లెం చూపించింది. పెద్ద బత్తాయి అంత గడ్డ. నేరేడుపండు నలుపు. “తొడిమ రెండు చుట్లు తిరిగింది. ఇన్ని నెలలూ వచ్చి పోయిన నొప్పి, బహుశా కొద్దిగా మెలిపడి మళ్లీ విడిపోతూ ఉండటం వల్లే. ఈసారి విడిపోలేదు. ఎడమది తీసేశాను. కుడిది బాగుంది.”

“పొద్దున బస్సుకు తెచ్చి ఉంటే ఎడమది మిగిలేదా?”

“ఏమో, చెప్పలేను. ఇంకో రెండు గంటలు నేను చూస్తూ కూర్చొని ఉంటే ఏమయ్యేదో మాత్రం ఊహించగలను.”

మూడో రోజు జ్వరం వచ్చింది. డాక్టరమ్మ మొహం చూసి నాకు అన్నం సహించలేదు. ఐదో రోజు జ్వరం దిగింది. పదో రోజు కుట్లు విప్పారు. వాళ్ల అమ్మానాన్న వచ్చి ప్రొద్దుటూరు తీసుకుపోయారు. నేను జరిగింది జరిగినట్టు మా మామకు చెప్పాను. ఆయన విని, లోపలికి పోయి, నాతో మూడు నెలలు మాట్లాడలేదు. ఆమె మాట్లాడింది. మందులు, పాలు, అమ్మ ఎట్లా ఉంది, ఇవే మాటలు. ఆ రోజు ఊసు ఎత్తలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి నాకు పులివెందులకు బదిలీ అయింది. అద్దె ఇంట్లో సామాను సర్దుకున్న రెండో వారం, పొద్దున నేను బడికి చొక్కా వేసుకుంటున్నాను. ఆమె గోడకు ఆనుకొని మెల్లగా కూర్చుంది. చెయ్యి కడుపు మీద.

“జట్కా మాట్లాడుకొని వస్తా.”

“ఉండండి. వాంతి లేదు. కుడి పక్కన, పిన్నీసుతో గుచ్చినట్టుండాది. అప్పటి మాదిరి మెలేసినట్టు కాదు. ఒకటుంటే ఆ ఒకటే పని చేస్తాదంట, డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం దాకా సూద్దాం. పెరిగితే నేనే చెప్తా.”

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. ప్రతి ఐదు నిమిషాలకూ అడిగాను. పెరిగిందా? నుదురు చెమట పడుతోందా? పెదవులు చూశాను. గోళ్లు చూశాను.

“ఏంది అట్ల సూస్తాండారు? నా మొగాన పాఠమేమన్నా రాసుందా?”

అప్పుడు అడిగాను. “ఆ పొద్దు నన్ను ఎన్నిసార్లు పిలిచినావు?”

“మూడు సార్లు.”

“నాకు రెండే వినపడినాయి.”

“మూడోసారి పిలిచింది మిమ్మల్ని కాదు. అత్తను పిలిచినా.”

ఆమె కోపంగా అనలేదు. ఉన్నది చెప్పింది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆమె సరేననాల్సి వస్తుంది, ఆ నొప్పిలో ఆ పని కూడా ఆమె మీద పెట్టడమెందుకని ఊరుకున్నాను.

పదకొండున్నరకు ఆమె చెయ్యి కడుపు మీద నుంచి తీసింది. “తగ్గింది.”

“నిజంగానా?”

“తగ్గింది.”

“నాకోసం చెప్పడం లేదు గదా? ఒకసారి నొక్కి చూడు. జట్కా స్టాండు దగ్గరే ఉంది, పోయి వస్తే...”

ఆమె నా వైపు చూసి, చాలా రోజుల తర్వాత, కొంచెం నవ్వింది. “నొప్పంటే నమ్మలేదు. తగ్గిందంటే నమ్మరు. మీతో ఎట్ల ఏగేది?” అని లేచి పొయ్యి అంటించడానికి పోయింది.

నేను ఆ పొద్దు బడికి పోలేదు. వంటింటి గడప లోపల, ఆమె చేతికి అందేంత దగ్గరగా పీట వేసుకొని, సాయంకాలం దాకా కూర్చున్నాను.